ఈల పడిన తర్వాత

జాజ్ వాద్యకారుడు చార్లీ పార్కర్ రికార్డు ‘కోకో’కు ముందు చెడిపోయిన టేకు ఒకటి ఉంది. 1945 నవంబర్ 26, న్యూయార్క్. పార్కర్ శాక్సఫోన్, డిజ్జీ గిలెస్పీ ట్రంపెట్ కలిసి ఉపోద్ఘాతం ముగించి, అప్పటికి బాగా వాడుకలో ఉన్న ‘చెరొకీ’ పాట ఎత్తుకుంటారు. నాలుగడుగులు వేశారో లేదో, ఈల పడుతుంది. వాద్యాలు ఆగిపోతాయి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ వరస మాయం.

ఎందుకు ఆపారన్నదానికి రెండు కారణాలు చెబుతారు. 78 ఆర్‌పీఎం ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలే చోటు. ‘చెరొకీ’ ఒక ఆవృత్తం 64 బార్లు (నాలుగేసి దెబ్బల తాళఖండాలు); నిమిషానికి 300 దెబ్బల వేగంలో కూడా ఉన్న వరస ఉన్నట్టు వాయిస్తే 50 సెకన్లు ఖర్చు. రెండోది డబ్బు. వరస వాయిస్తే పాట హక్కుదారుకు ప్లేటుకు రెండు సెంట్ల దాకా కట్టాలి. ఈ రికార్డు చేయించిన సవాయ్ కంపెనీ యజమాని హెర్మన్ లుబిన్‌స్కీ న్యూవార్క్‌లో రేడియో సామాన్ల కొట్టు నడిపిన మనిషి. పిసినారితనానికి జాజ్ లోకంలో ఆయన పేరే చెప్పుకునేవారు.

వరసకైతే హక్కుదారు ఉన్నాడు, దాని కింద నడిచే కార్డులకు (స్వరాల గుత్తులకు) లేడు. మన పేరడీ కవులు వరస ఉంచి మాటలు మారుస్తారు. వీళ్లు వరసనే తీసేసి పునాది మాత్రం ఉంచుకున్నారు. యజమానికి అది పొదుపు. పార్కర్‌కు మాత్రం ఆ పునాది ఏళ్ల తరబడి సాధన చేసిన నేల.

పని ఎలా ఉందో చూడండి. ఉపోద్ఘాతంలో రెండు వాద్యాలూ ఒక్క గొంతుతో దూకుతాయి, మధ్యలో చెరి ఎనిమిది బార్లు విడివిడిగా తిరిగొస్తాయి. ఇది తనవల్ల కాదని పంతొమ్మిదేళ్ల ట్రంపెటర్ మైల్స్ డేవిస్ తప్పుకున్నాడంటే ఆశ్చర్యమేముంది! ఆ తర్వాత పార్కర్ ఒక్కడే రెండు ఆవృత్తాలు, 128 బార్లు. ‘చెరొకీ’ మధ్యభాగం ఒక్కసారిగా దూరపు శ్రుతిలోకి జారుతుంది. చాలామందికి కాళ్లు తడబడేది అక్కడే. పార్కర్ ఆ గడప దాటుతున్నట్టే తెలియనివ్వడు. వాక్యం ఒక భాగంలో మొదలై పక్క భాగంలో ముగుస్తుంది, ఊనిక మనం ఎదురుచూసిన దెబ్బకు అటో ఇటో పడుతుంది. రెండో ఆవృత్తం ఆరంభంలో మాత్రం పాత న్యూ ఆర్లీన్స్ పాట ‘హై సొసైటీ’లోని క్లారినెట్ ముక్క మెరుస్తుంది. అంత పరుగులోనూ పెద్దలకు ఒక నమస్కారం! నాకైతే ప్రతిసారీ నవ్వొస్తుంది. ఆపైన మ్యాక్స్ రోచ్ డ్రమ్స్ తని, మళ్లీ ఆ ఉపోద్ఘాతమే ముగింపు.

ఇంత పని చేయించుకున్న కంపెనీ ప్రతిఫలం సంగతికొస్తే, అదే రోజు పార్కర్ ‘నౌజ్ ద టైమ్’ అనే బ్లూస్ కూడా రికార్డు చేశాడు. 1949లో అదే సవాయ్, దాదాపు అదే పల్లవిని ‘ది హకిల్‌బక్’గా పాల్ విలియమ్స్ చేత వాయింపజేసి విడుదల చేసింది. రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 14 వారాలు మొదటి స్థానం. స్వరకర్తగా ఇంకొకరి పేరు; పార్కర్‌కు దక్కింది సున్నా.

1955లో ఆయన పోయాక, నవంబర్ నాటి టేకులన్నీ కంపెనీ ఎల్పీగా అమ్ముకుంది. చెడిపోయిన ఆ ‘చెరొకీ’ ముక్క కూడా అందులో ఉంది, ఈలతో సహా.