బట్టల బుట్ట ఎవరు మోస్తారు?

అమెరికాలో అద్దె ఇల్లు వెతికే తెలుగువాళ్లు ముందు అద్దె చూస్తారు. తర్వాత ఆఫీసో యూనివర్సిటీయో ఎంత దూరమో, పిల్లలుంటే ఏ స్కూలు వస్తుందో చూస్తారు. వాషర్, డ్రయర్ ఇంట్లో ఉన్నాయా లేవా అన్న మాట చివర్లో గానీ రాదు. డాలస్ దగ్గర ఫ్రిస్కో లాంటి ఊళ్లలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో మెషీన్లు ఇంట్లోనే ఉండడం మామూలే. జెర్సీ సిటీలోనో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లోనో పాత భవనానికి వెళితే మాత్రం ఈ ప్రశ్న తప్పదు. చాలా పాత భవనాల్లో పైపులు అంత నీటినీ నురగనూ ఒక్కసారిగా దించుకోలేవు, పైన ఉతికితే కింది ఇంటివాళ్ల సింకులోంచి నురగ పొంగుతుంది. డ్రయర్ వేడి గాలి బయటికి పోవడానికి గోడలో గొట్టం ఉండదు. ఎలక్ట్రిక్ డ్రయర్‌కు 240 వోల్టుల ప్రత్యేక లైను కూడా కావాలి. అందుకే సొంత మెషీన్ పెట్టుకోకూడదని లీజులోనే రాస్తుంటారు. ‘చేరాక కొనుక్కుందాంలే’ అనుకుని సంతకం పెడితే ఏడాది పాటు ఇరుక్కున్నట్టే.

ఈ లెక్కను చాలామంది డాలర్లతో తేల్చేస్తారు. మెషీన్లున్న ఇంటికి అద్దె నెలకు 100 డాలర్లు ఎక్కువనీ, బయట ఒక లోడు ఉతికి ఆరబెట్టడానికి 5 డాలర్లనీ అనుకుందాం. నెలకు 20 లోడ్లు దాటేదాకా బయట ఉతుక్కోవడమే లాభం. ఇంట్లో ఉతికినా నీళ్లకూ కరెంటుకూ ఖర్చుంటుంది కాబట్టి ఆ గీత ఇంకాస్త ముందుకే జరుగుతుంది. వారానికి ఒక లోడుతో సరిపోయే ఎమ్మెస్ విద్యార్థికి నెలకు 20 డాలర్లతో పని జరిగిపోతుంది. అతను మెషీన్లు లేని ఇల్లు తీసుకోవడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. సమయం విషయంలోనూ బయట ఉతకడం నష్టం కాదు. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 1934లో నాలుగు ఎలక్ట్రిక్ మెషీన్లతో ‘వాషటీరియా’ తెరిచారు. అమెరికాలో మొదటి లాండ్రోమాట్ అదేనని చెబుతారు. మెషీన్ కొనలేనివాళ్లు గంట లెక్కన అద్దె కట్టి ఉతుక్కునేవారు. నాలుగు మెషీన్లు ఒక్కసారే తిరగడమే అలాంటి చోటుకున్న బలం. ఇంట్లో నాలుగు లోడ్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తే నాలుగైదు గంటలు పట్టే పని, అక్కడ రెండు గంటల్లోపే ముగుస్తుంది.

అయితే ఆ నాలుగైదు గంటలూ ఈ రెండు గంటలూ ఒక జాతివి కావు. ఇంట్లో మెషీన్ తిరుగుతుంటే మనం అన్నం వండుకోవచ్చు, పాపను నిద్రపుచ్చవచ్చు, ఆఫీసు మీటింగులో కూర్చోవచ్చు. బయటైతే అక్కడే కాచుక్కూర్చోవాలి. అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న డాలర్లది కాదు. మెషీన్ ఎన్ని మెట్ల దూరంలో ఉంది, ఆ మెట్లు ఎవరు దిగాలి? లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి జనవరి చలిలో బట్టల బరువుతో ఎక్కి దిగడం పాతికేళ్ల కుర్రాడికి పెద్ద పని కాదు. నెలల పసిబిడ్డ ఉన్న తల్లికి అది నరకం. బిడ్డను ఒంటరిగా వదిలి వెళ్లలేదు, ఎత్తుకుని వెళితే బుట్ట మోయలేదు. కాన్పు సాయానికి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మల్లో, అత్తగార్లలో చాలామందికి కారు నడపడం రాదు, యాప్‌తో డబ్బు కట్టే మెషీన్లు కొత్త. పసిబిడ్డ బట్టలేమో రోజూ ఉతకాల్సిందే. లీజు మీద సంతకం పెట్టేది ఒకరు, బుట్ట మోసేది మరొకరు అయినప్పుడు, మిగిలిన ఆ డాలర్లను ఇంట్లో ఒకరి నడుము కడుతోంది. దాన్ని పొదుపు అనడానికి నాకు మనసొప్పదు.

మన ఊళ్లో డ్రయర్ ఎవరింట్లో ఉంది, దండెం మీద ఆరేసుకోవడం లేదా అని కొందరు అడుగుతారు. ఆ మాటలో నిజముంది. అయితే చాలా లీజులు బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వవు. ఫ్లోరిడా, కొలరాడో లాంటి కొన్ని రాష్ట్రాల్లో దండెం కట్టుకునే హక్కును కాపాడే చట్టాలున్నా, అవి ఎక్కువగా సొంతిళ్లవాళ్లకు పనికొచ్చేవే. కానీ చలికాలంలో హీటర్ వల్ల ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది, స్టాండు మీద వేసిన నూలు బట్టలు తెల్లారేసరికి ఆరిపోతాయి, పైగా ఎక్కువకాలం మన్నుతాయి. కాబట్టి వాషర్ మాత్రమే ఉన్న ఇల్లు దొరికితే డ్రయర్ లేదని వదులుకోనక్కర్లేదు. డ్రయర్ ఉంటే దాని బాధ్యతా ఉంటుంది. అమెరికా ఇళ్లలో డ్రయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయని అక్కడి అగ్నిమాపక విభాగం ఒకప్పుడు అంచనా వేసింది. పేరుకున్న నూగును శుభ్రం చేయకపోవడమే అందులో ముఖ్య కారణం.

ఎవరెవరి బట్టలో తిరిగిన మెషీన్‌లో మనవి ఎలా వేస్తామన్నది ఇంకో అభ్యంతరం. మడి పాటించే పెద్దవాళ్లకు ఇది నిజమైన ఇబ్బంది, దాన్ని తీసిపారేయకూడదు. శుభ్రత వరకే అయితే వేడినీళ్ల సైకిల్, ఆపైన డ్రయర్ వేడి చాలావరకు చాలు. పసివాళ్ల చర్మానికి పడనిది తరచూ ముందువాళ్లు వాడిన ఘాటైన సబ్బు, ఒకసారి ఉత్త నీళ్లతో మెషీన్ తిప్పితే అదీ తగ్గుతుంది. మనసు ఒప్పుకోనివాళ్లకు మాత్రం ఈ సమాధానాలు చాలవు. వాళ్లున్న ఇంట్లో సొంత మెషీన్ విలాసం కాదు.

ఇల్లు చూడడానికి లీజింగ్ ఆఫీసువాళ్లు పనిరోజు మధ్యాహ్నం రమ్మంటారు, అప్పుడు భవనంలోని ఉమ్మడి లాండ్రీ రూమ్ ఖాళీగానే ఉంటుంది. ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లి ఎన్ని మెషీన్లు పనిచేస్తున్నాయో, ఎంతమంది ఎదురుచూస్తున్నారో, రాత్రి ఎన్నింటికి తలుపు మూస్తారో చూసి రావాలి. రేపు ఆ బట్టలు ఉతకబోయే మనిషి ఇంకా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీసా కోసం చూస్తుంటే, వీడియో కాల్‌లో ఆమెకు వంటగదితోపాటు ఆ మెట్లు కూడా చూపించి, ఆమె సరేనన్నాకే సంతకం పెట్టాలి.