నాడె ఆగే చోటు

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల దారి పడతారు. చీరల కోసమే వెళ్లేవాళ్లు వాళ్లలో తక్కువేం కాదు. అంచు చూస్తారు, కొంగు చూస్తారు, ధర అడుగుతారు. అంచు, చీర ఒళ్లు కలిసే సన్నని గీతను మాత్రం చాలామంది గమనించరు. గద్వాల పనితనమంతా ఆ గీత దగ్గరే ఉంది.

అది తెలియాలంటే మగ్గం మాటలు నాలుగు తెలియాలి. నిలువుగా సాగదీసి కట్టిన నూలు పడుగు. దానికి అడ్డంగా పడే పోగు పేక. పేక నూలు చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని పరుగెత్తేది నాడె. పడిన పోగును దగ్గరికి కొట్టేది దువ్వెనలాంటి అచ్చు. గుంట మగ్గంలో నేతగాడు గుంటలోకి కాళ్లు పెట్టి కూర్చుని, కాలితో తొక్కి పడుగును రెండుగా విడదీస్తాడు. ఆ సందులోంచే నాడె దూసుకుపోవాలి.

సరళరేఖలో అడ్డు లేకుండా కదలడం యంత్రాలకు కూడా పెద్ద సమస్యే. లీనియర్ బాల్ బేరింగ్ పుట్టింది అందుకే. నున్నటి ఉక్కు షాఫ్ట్ మీద చిన్న గోళీలు దొర్లుతాయి. చివరికి చేరిన గోళీలు పక్క గాడిలోంచి తిరిగి మొదటికి వస్తాయి. గోళీకి, షాఫ్ట్‌కు మధ్య ఉండే ఖాళీ క్లియరెన్స్. ఆ ఖాళీ లేకుండా ముందే బిగించి ఉంచితే ప్రీలోడ్. ఖాళీ ఎక్కువైతే కదలిక ఊగుతుంది, బిగువు ఎక్కువైతే పట్టేస్తుంది. 1733లో జాన్ కే తెచ్చిన విసురు నాడెది కూడా ఇదే సూత్రం: పట్టేయకుండా, పక్కకు తప్పకుండా, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే పరుగు. కొన్ని నాడెల అడుగున చిన్న చక్రాలు ఉండేది కూడా ఆ రాపిడి తగ్గించడానికే.

గద్వాల చీర ఈ పరుగును రెండుచోట్ల ఆపుతుంది.

ఒళ్లు నూలుది, అంచులు పట్టువి, రంగులు వేరు. అందుకే మూడు నాడెలు కావాలి: ఒంటికి ఒకటి, అంచులకు రెండు. ఒంటి పేక అంచు దగ్గరికి రాగానే ఆగి, అంచు పేకతో మెలిపడి వెనక్కి తిరుగుతుంది. దీన్నే కుప్పడం అంటారు. మెలిక వదులైతే గీత వెంట సందులు పడతాయి, బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది. ప్రతి పోగుకూ రెండు వైపులా ఈ మెలిక చేత్తో పడాల్సిందే. కాబట్టి మగ్గం మీద ఒక మనిషి చాలడు, పక్కన మరొకరు కూర్చోవాలి. పట్టు కొంగు కోసం నూలు పడుగు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా అతికించడం మరో పని. అంచులో గోపురాల్లా లేచే బొమ్మలను కోటకొమ్మలంటారు.

ఈ నేత తిరుమలకూ చేరింది. గద్వాల సంస్థానం పేరున శ్రీవారికి ఏటా బ్రహ్మోత్సవాల ముందు ఏరువాడ జోడు పంచెలు సమర్పిస్తారు. వాటిని నేతగాళ్లు దీక్షలో ఉండి నేస్తారు.

మామూలు పవర్‌లూమ్ ఒకే పేకను అంచు నుంచి అంచుకు విసురుతుంది. అందుకే అసలు చీరను పోల్చుకోవాలంటే గీతను తిరగేసి చూడాలి. కుప్పడంలో ఒంటి రంగు అంచులోకి పాకదు, వెనక కత్తిరించిన పోగులు వేలాడవు. ధర బేరమాడేటప్పుడు కూడా ఆ గీతే గుర్తుండాలి. ఆ చీర మీద ఇద్దరి కూలి ఉంది.