వెళ్లడం, ఉండడం: మహిళా వ్యోమయాత్రలపై తెలుగు ప్రశంసాభాష – ఒక విమర్శ

వ్యాససంగ్రహం: అంతరిక్షానికి వెళ్లిన స్త్రీలను గురించి తెలుగులో వెలువడే ప్రశంస ఎక్కువగా పోకనూ రాకనూ వర్ణిస్తుంది. నెలల తరబడి అక్కడ ఉండి చేసే పనికి అందులో చోటు తక్కువ. ఈ లోపానికి గల భాషాసాహిత్య కారణాలను పరిశీలించి, సముద్రయాన అనుభవం ఆధారంగా ఒక సవరణను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యోమగామి, ప్రశంసాభాష, దీర్ఘకాల అంతరిక్షవాసం, స్త్రీశ్రమ, విశాఖ తీరం.

1. ఉపోద్ఘాతం

యారాడ కొండకు ఒకవైపు ఊరు, సముద్రతీరం. మరొకవైపు విశాఖ ఓడరేవు. ఈ విశాఖ తీరానికి ఆవలి సముద్రంలోనే 2024 డిసెంబరు 6న ఇస్రో, భారత నౌకాదళం కలిసి గగన్‌యాన్ క్రూ మాడ్యూల్‌ను నీటి నుండి ఓడలోకి చేర్చే పరీక్ష జరిపాయి. ఆ యాత్రకోసం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నలుగురూ పురుషులే. మానవరహిత ప్రయోగానికి సిద్ధం చేసిన 'వ్యోమమిత్ర' మాత్రం స్త్రీరూపంలోని రోబో. స్త్రీ ఆకృతికి దొరికిన చోటు స్త్రీకి ఇంకా దొరకని ఈ దశలో, మహిళా వ్యోమగామిని మన భాష ఎలా ఊహిస్తున్నదో పరిశీలించవలసి ఉంది.

2. 'గామి' నుండి 'గామిని' వరకు

'వ్యోమగామి' అంటే ఆకాశంలో వెళ్లేవాడు. సంస్కృత మర్యాదలో దీని స్త్రీవాచకం 'వ్యోమగామిని'. తెలుగు వాడుక దానిని స్వీకరించక, 'మహిళా' అనే విశేషణాన్ని ముందు చేర్చుకుంది. అయితే 'గామిని' మన కావ్యభాషకు కొత్త కాదు. గజగామిని, హంసగామిని వంటి సమాసాలలో అది స్త్రీ నడకను చూసేవారి దృష్టినుండి చెబుతుంది. నడిచే స్త్రీ అక్కడ దృశ్యమే గాని కర్త్రి కాదు. నేటి ప్రశంసలో నేల ఆకాశంగా మారింది, చూపు మారలేదు. 'నింగికెగసిన తెలుగమ్మాయి' తరహా పదబంధాలు ఆ చూపుకు కొనసాగింపే. భారరహిత స్థితిలో నడకే ఉండదన్న విషయం ఈ అలంకారానికి పట్టదు.

3. ఉండడంలోని పని

ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ 'యూనిటీ 22'లో ప్రయాణించారు. భారరహిత స్థితి కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లోనే ఆమె ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రూపొందించిన మొక్కల ప్రయోగాన్ని నిర్వహించారు. ప్రశంస ఆమె ఎగరడాన్ని పట్టుకున్నంత గట్టిగా ఈ పనిని పట్టుకోలేదు.

దీర్ఘకాల యాత్రలో ఈ లోపం మరింత పెరుగుతుంది. సుమారు ఎనిమిది రోజులకని 2024 జూన్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్ 286 రోజులు ఉండవలసి వచ్చింది. ఆమె 'చిక్కుకుపోయారు' అన్న క్రియ విరివిగా వినిపించింది. వాహనలోపం వల్ల రాక ఆలస్యమైన మాట నిజం. కాని ఆ కాలంలోనే ఆమె అంతరిక్ష కేంద్రానికి కమాండర్‌గా వ్యవహరించి, స్పేస్‌వాక్‌లలో గడిపిన మొత్తం కాలంలో మహిళలందరికన్నా ముందు నిలిచారు. 'చిక్కుకుపోవడం' ఆమెను రక్షణకై ఎదురుచూసే కథానాయికగా మారుస్తుంది, నాయకత్వాన్ని మరుగుపరుస్తుంది.

ఉండడమంటే శరీరంతో ఉండడం. ఎముకలు, కండరాలు క్షీణించకుండా రోజూ సుమారు రెండు గంటల వ్యాయామం అవసరం. 2019 మార్చిలో ఇద్దరు మహిళల స్పేస్‌వాక్ ఆగిపోవడానికి కారణం సరిపడే కొలత సూట్‌భాగం ఒక్కటే సిద్ధంగా ఉండడం. అదే ఏడాది అక్టోబరు 18న క్రిస్టినా కోచ్, జెస్సికా మీర్ ఆ పని పూర్తిచేశారు. ఆ యాత్రలో కోచ్ 328 రోజులు ఉన్నారు. సూట్ కొలత, వ్యాయామం, మరమ్మతు: స్త్రీల ప్రవేశాన్ని నిర్ణయించే ఈ విషయాలు 'తార' అనే ఉపమానంలో ఇమడవు.

4. సముద్రం ఇచ్చే పోలిక

'వ్యోమనౌక' అన్న పదంలోనే ఓడ ఉంది. 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు ఆరుగురు నౌకాదళ మహిళాధికారులు ఐ.ఎన్.ఎస్.వి. తరిణిలో భూగోళాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. యాత్రాకాలం 254 రోజులు. చిన్న పడవలో వంతులవారీ కాపలా, తెరచాపల సంరక్షణ, వంట, మరమ్మతు లేకుండా ఆ యాత్ర లేదు. అంతరిక్షంతో దీనికి పూర్తి సామ్యం లేదు. రేవులలో ఆగే వీలు సముద్రంలో ఉంది. అయినా ఇరుకుచోట, కొద్దిమందితో, దీర్ఘకాలం పనిచేయడం రెండింటికీ సమానం.

5. ముగింపు

పత్రికాశీర్షికకు చోటు తక్కువ గనుక అది ఎగరడాన్నే చెబుతుందనవచ్చు. కవితకు, పాఠానికి, జీవితకథకు ఆ నిర్బంధం లేదు. అవి 'వెళ్లింది', 'వచ్చింది' అన్న రెండు క్రియల నడుమ 'కాపలా కాసింది, బాగుచేసింది, నడిపించింది' అన్న క్రియలకు చోటివ్వాలి. ప్రశంస అద్భుతాన్నే చూపితే, స్త్రీలకు అక్కడ స్థానం కల్పించడం వ్యవస్థల బాధ్యతగా కనిపించదు. పనిని చూపితే, ఆ పనికి స్త్రీలను ఎందుకు ఎంపిక చేయలేదని అడిగే వీలు భాషలోనే ఏర్పడుతుంది.