రెప్ప ఎత్తు

రెప్ప మీద గడ్డతో వచ్చేవాళ్లతో నాకు పెద్ద తంటా లేదు. రెప్పలో నూనె ఊరే గ్రంథులుంటాయి. ఒకదాని మూతి పూడుకుంటే సెనగగింజంత గడ్డ కడుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు గోరువెచ్చటి కాపడం పెడితే చాలావరకు కరిగిపోతుంది. కరక్కపోతే రెప్పను తిరగేసి లోపలివైపు గాటు పెట్టి గీకేస్తాం, బయట మచ్చ పడదు. వేలిని అరచేతిలో రుద్ది ఆ వేడిని రెప్పకు అద్దే అమ్మమ్మల వైద్యం కూడా నాకు ఇష్టమే, చేతులు కడుక్కుంటే. పెద్ద వయసులో అదే చోట మళ్లీ మళ్లీ లేస్తే మాత్రం ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. నూనె గ్రంథి క్యాన్సర్ ఒక్కోసారి అచ్చం ఇలాగే మొదలవుతుంది.

వాలిన రెప్ప అంత తేలిగ్గా లొంగదు. దానికి నా దగ్గరున్న పెద్ద పరికరం ఓ ప్లాస్టిక్ స్కేలు. బొటనవేలితో కనుబొమను నొక్కిపట్టి, "కిందికి చూడండి... ఆఁ, ఇప్పుడు పైకి" అంటాను. కనుబొమను వదిలేస్తే నుదురు సాయానికొచ్చి లెక్క తప్పిస్తుంది. రెప్ప 12 మిల్లీమీటర్లకు పైగా కదిలిందా, దాన్ని ఎత్తే కండరం బాగానే ఉంది, పట్టు జారిందంతే. 4 దాటలేదా, రెప్పను నుదుటి కండరానికి తగిలించాలి. పసిపిల్లలకు రెప్ప కంటిపాపను కప్పేస్తుంటే "పెద్దయ్యాక చూద్దాం" అనకూడదు, ఆ కన్ను చూడడమే నేర్చుకోదు.

తర్వాత పాత ఫోటోలు అడుగుతాను. "ఎప్పట్నించో ఇంతే డాక్టరు గారూ" అన్నవాళ్ల పెళ్లి ఆల్బమ్‌లో రెండు కళ్లూ సమానంగా ఉంటాయి! పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతుందంటే మయస్థీనియా అనుమానం, అంటే కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు. రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెట్టి, లేచిందేమో మళ్లీ కొలుస్తాను. ఉన్నట్టుండి వాలి, తలనొప్పితో పాటు కంటిపాప పెద్దదైతే కొలతలు లేవు, అప్పటికప్పుడు మెదడు స్కాన్‌కే.

పెద్దవాళ్లకైతే ఆపరేషన్‌లో మత్తు రెప్పకే ఇస్తాం. ముడి బిగించే ముందు పేషెంటును లేపి కూర్చోబెడతాను. పడుకున్నప్పుడు సరిపోయిన ఎత్తు కూర్చుంటే మారుతుంది. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తాను. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా రేపు ఇంటిల్లిపాదీ పట్టేస్తారు.

ఒక రెప్పను ఎత్తితే రెండోది దిగడమూ ఉంది, మెదడు రెండింటికీ ఒకే ఆజ్ఞ పంపుతుంది కాబట్టి. అందుకే ఆపరేషన్‌కు ముందే, వాలిన రెప్పను వేలితో ఎత్తిపట్టి రెండోదాన్ని గమనిస్తాను. అదీ జారితే "రెండూ చేయాల్సి రావచ్చు" అని ఆ రోజే చెప్పేస్తాను. ఆపరేషన్ అయ్యాక చెబితే ఎవరూ నమ్మరు.