సొంతదారే బొమ్మలోని కుర్రాడా?

పాత చిత్రం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో కూపీ లాగడం మ్యూజియం వాళ్లకు నిత్యకృత్యం. అవసరమైన పనే. కాకపోతే ఆ వరస దేనికి సాక్ష్యమో, దేనికి కాదో మరిచిపోతేనే చిక్కు. ఇంగ్లిష్ చిత్రకారుడు థామస్ గెయిన్స్‌బరో 1770 ప్రాంతంలో వేసిన ‘ద బ్లూ బాయ్’నే తీసుకోండి. మొదట అది ఇనుప సామాన్ల వర్తకుడు జోనథన్ బటల్‌ది. 1796లో ఆయన దివాలా తీశాక అమ్మకానికి వచ్చింది. పార్లమెంటు సభ్యుడు జాన్ నెస్బిట్, చిత్రకారుడు జాన్ హాప్నర్‌ల చేతులు దాటి, గ్రోవ్‌నర్ ప్రభువుల ఇంట వందేళ్లకు పైగా ఉంది. 1921లో డీలర్ జోసెఫ్ డువీన్ దాన్ని కొని, అమెరికా రైల్వే కోటీశ్వరుడు హెన్రీ హంటింగ్టన్‌కు 7 లక్షల డాలర్ల పైచిలుకుకు అమ్మాడు. ఓడెక్కించే ముందు, 1922 జనవరిలో, లండన్ నేషనల్ గ్యాలరీలో మూడు వారాలు ఉంచితే దాదాపు 90 వేల మంది వచ్చి చూశారు.

యాజమాన్యం ఇంత స్పష్టంగా ఉంది. అయితే బొమ్మ బటల్‌ది కనుక అందులోని కుర్రాడూ బటలేనని తరతరాలుగా రాస్తూ వచ్చారు. ఆ ఊహ నిరాధారమేమీ కాదు. డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ సాధారణంగా వేయించుకున్న ఇంట్లోనే ఉంటుంది. కానీ బటల్ గెయిన్స్‌బరోకు స్నేహితుడు కూడా. స్నేహితుడి దగ్గరికి బొమ్మ చేరడానికి అతడి ముఖమే అందులో ఉండనక్కర్లేదు. పైగా 1770 నాటికి బటల్‌కు దాదాపు పద్దెనిమిదేళ్లు. బొమ్మలోని పిల్లవాడు అంతకంటే చిన్నగా కనిపిస్తాడు. గెయిన్స్‌బరో మేనల్లుడు, శిష్యుడు అయిన గెయిన్స్‌బరో డుపాంట్ కావచ్చని కొందరు పండితులు వాదిస్తున్నారు. ఎక్స్‌రే తీస్తే రంగుల అడుగున వేరే పెద్దమనిషి బొమ్మ మొదలుపెట్టి వదిలేసిన జాడ బయటపడింది. కుర్రాడి పక్కన ముందు గీసి, తర్వాత రాళ్ల బొమ్మతో కప్పేసిన బొచ్చుకుక్క కూడా దొరికింది. పాత కాన్వాసు మీద మార్చి మార్చి వేసుకున్న ఈ తీరు, సొమ్ము తీసుకుని చేసిన పని కంటే సొంత సరదాకు దగ్గరగా ఉంది. పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు వాన్ డైక్ కాలం నాటి ఆ నీలి పట్టు దుస్తులు కూడా ఆ మాటకే బలమిస్తాయి.

కుర్రాడు ఎవరైతే ఏమిటి, బొమ్మ బాగుంటే చాలదా అనవచ్చు. చూసే కళ్లకు చాలు, చరిత్రకు చాలదు. బటల్ బొమ్మ అయితే అది ఒక కుటుంబం తన హోదా చాటుకోవడం. మేనల్లుడిదైతే చిత్రకారుడు వాన్ డైక్‌తో పోటీకి దిగడం. భూమి లింకు డాక్యుమెంట్లు హక్కును నిరూపిస్తాయి గానీ, ఆ పొలంలో బావి ఎవరు తవ్వారో చెప్పవు. అలాగని యాజమాన్య చరిత్రను కొట్టిపారేయలేం. ఇది ఆ బొమ్మేనని, ఎవరి దగ్గరా దోచుకున్నది కాదని తేల్చేది అదే. ఆ పరిధి దాటి, సొంతదారు పేరును ముఖానికి అంటించాలంటే మాత్రం వేరే సాక్ష్యం చూపించాలి.