ఆకలితో పెరిగే పువ్వు

వానాకాలం ముదిరాక చెరువు అంచుల్లో, వరిమడి మూలల్లో నీటి మీదికి సన్నని కాడలు లేచి చిన్న పసుపు పూలు పూస్తాయి. ఇంటర్లో వృక్షశాస్త్రం చదివినవారికి యుట్రిక్యులేరియా పేరు గుర్తుండే ఉంటుంది. ఇది అందులో ఆరియా అనే జాతి. దీనికి వేరు లేదు. నీటిలో దారాల్లా చీలిన ఆకులకు చిన్న చిన్న తిత్తులు వేలాడతాయి. తిత్తి తనలోని నీటిని బయటికి తోడేస్తుంది, దాంతో గోడలు లోపలికి పీక్కుపోతాయి. తలుపు దగ్గరి నూగును ఏ నీటిపురుగైనా తాకితే చాలు, మిల్లీసెకను లోపే నీటితో సహా లోపల పడుతుంది. 1875లో డార్విన్ కూడా పురుగే తలతో తోసుకుని దూరుతుందనుకున్నాడు. అంతటి పరిశీలకుడి కంటికీ అందని వేగమది.

ఇంత ఏర్పాటు ఎందుకంటే, అది బతికే నీటిలో నత్రజని, భాస్వరం కరువు. అందుకే దీన్ని తొట్టిలో పెంచాలంటే మొక్కకు బలం పెట్టాలన్న మన తోటపని అలవాటును ముందు వదులుకోవాలి. వాననీరు, మంచి ఎండ, అడుగున కాస్త ఎండిన తుంగ ఉంటే చాలు. తుంగ మెల్లగా కుళ్లుతూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు కోసం మొక్క నీటినే నమ్ముకోవాలి, పురుగులు ప్రధానంగా తీర్చేది నత్రజని, భాస్వరాల లోటునే. పిడికెడు పేడో చిటికెడు యూరియానో వేస్తే ఈ పొందిక చెడుతుంది.

ఎరువు దొరికితే వేటాడే శ్రమ తప్పుతుంది కదా అనవచ్చు. నిజమే, సారమున్న నీటిలో యుట్రిక్యులేరియాలు తిత్తులు తక్కువ వేస్తాయి. కానీ ఆ సారాన్ని వాటికంటే ముందు పాచి అందుకుంటుంది, సన్నని ఆకులను చుట్టేసి వెలుతురు ఆపుతుంది. మరి ఎరువు చల్లిన వరిమడిలో ఎలా పూస్తోందన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఈ జాతి మొండిది, కొంతవరకు ఓర్చుకుంటుంది. ఓర్చుకున్నంత మాత్రాన అది దానికి అనువైన చోటని చెప్పలేం; పాచి కమ్మితే ఆ మొండితనమూ నిలవదు. రైతును ఎరువు మానమనడం న్యాయం కాదు, అవసరమూ లేదు. పొలాల పారుదల చేరని వాననీటి గుంటలను పూడ్చకుండా ఉంచితే చాలు. చెరువులో గుర్రపుడెక్క తీయాల్సిందే, లేకపోతే కింద వెలుతురే ఉండదు. ఆ పనిలో యంత్రంతో లోతులేని అంచులను కూడా గీకేస్తే మాత్రం ఈ పువ్వుకు మిగిలిన చోటూ పోతుంది.