చెంచుల పుస్తకం చెంచుల చేతికి ఎట్ల?

కొల్లాపూర్, అచ్చంపేట దిక్కు బడిలో చెంచుల గురించి పాఠం చెప్పాలని వెతికే టీచరు ఎక్కడ మొదలుపెట్టినా ఒక పేరు దగ్గరికి చేరుకుంటారు. ఆ పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన ఆస్ట్రియాలో పుట్టి, యుద్ధకాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయిన మానవ శాస్త్రవేత్త. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీది పెంటల్లో ఉండి ఆయన రాసిన ‘ది చెంచూస్’ 1943లో అచ్చయింది. దక్కన్ అడవి జనం అని దానికి ఉపశీర్షిక. అడవిలో బతికే జనం అనడం వేరు, అడవి జనం అనడం వేరు. ఈ తేడా పుస్తకమంతా ఉంది. చెంచులను ఆయన ఎంతో ఇష్టంగానే చూశాడు, కానీ పురాతన కాలం నుంచి మిగిలిపోయిన మనుషులుగా చూశాడు.

అట్లని ఆ పుస్తకాన్ని పక్కన పెట్టమని నేను చెప్పను. ఏ ఇంటిపేరు వాళ్లు ఎవరిని చేసుకుంటారో, ఏ గడ్డలు తవ్వుకుంటారో ఆయన ఓపికగా రాశాడు. ఒక్కో గుంపుకు తమదంటూ కొంత అడవి ఉంటుందని కూడా రాశాడు. మనకు అన్నిటికన్నా విలువైన మాట ఇదే. ఎందుకంటే అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది, పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలనూ, పాత సంస్థానాల పటాలనూ రికార్డులనూ సాక్ష్యంగా తీసుకోవచ్చంటుంది. చెంచుల వంటి తెగలు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద సామూహిక హక్కు అడగొచ్చని చట్టం మూడో సెక్షన్ చెబుతుంది. చేతిలో పట్టా లేని వాళ్లకు ఎనభై ఏళ్ల కిందటి పరిశోధన కాగితం ఎంత బలమో ఆలోచించండి. పరిశోధన సమాచారం అందరికీ తెరిచి ఉండాలనే మాటను ప్రొఫెసర్ల గొడవ అనుకుని వదిలేయకూడదు అనేది ఇందుకే.

మరి ఆ కాగితాలు ఎక్కడున్నాయి? హైమన్‌డార్ఫ్ ఫొటోలు, ఫిల్ములు, రాతప్రతులు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 1982లో ఆయన రాసిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ను ప్రచురించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవనిస్తోంది. మంచి పని. కానీ తలుపు తెరిచినంత మాత్రాన దారి పడదు. అమరగిరి పిల్లవాడు ఆ పుస్తకం దాకా పోవాలంటే ఇంగ్లీషు రావాలి, సిగ్నల్ ఉండాలి, అసలు అట్లాంటిది ఒకటి ఉందని ఎవరో చెప్పాలి.

తరువాతి కాలం పరిశోధకులు మాటలతో ఆగలేదు, రక్తం కూడా అడిగారు. 2003లో ఎస్టోనియా శాస్త్రవేత్త టూమస్ కివిసిల్డ్ బృందం చెంచుల, కోయల జన్యువులను పరిశీలించి అమెరికా పత్రికలో వ్యాసం వేసింది. ఆదివాసులూ ఇతర కులాలూ చాలావరకు ఒకే ప్రాచీన వారసత్వం నుంచి వచ్చారని తేల్చింది. అంటే ‘మిగిలిపోయిన మనుషులు’ మనమొక్కరమే కాదు! ఆ వ్యాసం కూడా ఉచితంగానే దొరుకుతుంది. ఈ తెలిసిన సంగతిని పెంటకు వచ్చి చెప్పడం పరిశోధనలో భాగం కాదా అన్నది నా ప్రశ్న.

రక్తం ఇచ్చాక దాని మీద పెత్తనం ఎవరిది? అమెరికాలో హవాసుపాయ్ అనే తెగ ఈ ప్రశ్నను కోర్టుకు తీసుకుపోయింది. షుగరు జబ్బు పరిశోధనకని 1990 నుంచి తీసుకున్న రక్తాన్ని మానసిక జబ్బుల మీద, తెగ వలసల మీద పరిశోధనలకు వాడారని వాళ్లకు తర్వాత తెలిసింది. 2010లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకుంది. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఆదివాసుల మీద పరిశోధనకు మనిషి ఒప్పుకోలుతో పాటు సముదాయ పెద్దల అనుమతీ కావాలంటున్నాయి. ఈ సంగతి మన హాస్టళ్లలో ఎంతమందికి తెలుసు?

అన్నీ తెరిచి పెట్టాలన్న వాదాన్ని కూడా నేను ఒప్పుకోను. తేనె పట్టే చెట్లు, మందు గడ్డలు దొరికే చోట్లు, దేవతల తావులు పటం మీద గుర్తు పెట్టి లోకానికి విడుదల చేస్తే ముందుగా వచ్చేది శాస్త్రవేత్త కాదు, వ్యాపారి. ప్రపంచ ఆదివాసీ పరిశోధకులు 2019లో ‘కేర్’ అనే నాలుగు సూత్రాలు పెట్టుకున్నారు: ఉమ్మడి మేలు, సమాచారం మీద సముదాయ అధికారం, బాధ్యత, నైతికత. సమాచారం సులువుగా దొరికితే చాలనే పాత పద్ధతికి ఇది సవరణ. రెండో సూత్రం లేకుండా మిగతా మూడూ మొక్కుబడే.

కాబట్టి ఫారం పట్టుకొని వచ్చే పరిశోధకుణ్ని మన చదువుకున్న పిల్లలు అడగాల్సినవి ఉన్నాయి. ఇది ఎక్కడ దాస్తారు, ఇంకెవరికి ఇస్తారు, వద్దంటే తీసేస్తారా, తెలుగులో ఎప్పుడు వచ్చి చెబుతారు? జవాబు కాగితం మీద ఇమ్మని అడగడం మర్యాద తప్పడం కాదు.

టీచర్లకు ఒక పని. హైమన్‌డార్ఫ్ పుస్తకంలో అడవి హద్దుల గురించిన పేజీలు చదివి, గ్రామసభలో పెద్దవాళ్లకు తెలుగులో చెప్పండి. కొన్ని తప్పని వాళ్లు అంటారు, కొన్ని నిజమంటారు, ఆయనకు చెప్పనివి కొన్ని బయటికొస్తాయి. వాటిలో ఏది రాసుకోవాలో, ఏది మనలోనే ఉంచుకోవాలో ఆ సభనే తేల్చనివ్వండి.